వేరే గిన్నె

"ఉప్పు చూశావా?" అన్నారు మా ఆయన, కంచం ముందు ఇంకా సరిగ్గా కూర్చోకముందే. చూశాను. బంగాళాదుంపల వేపుడులోంచి ఒక ముక్క, కూరలోంచి అరచెంచా పులుసు, ఉప్పు కలిపాక మళ్ళీ ఇంకో అరచెంచా. పథ్యం మొదలుపెట్టి అప్పటికి పద్దెనిమిది రోజులు. నా కంచంలో ఉడకబెట్టిన కూరగాయలు, ఒక గుడ్డు, గుప్పెడు అన్నం. వాళ్ళకి వడ్డించి, మంచినీళ్ళు పెట్టి, ఎవరికి ఏం కావాలో చూసి నేను కూర్చునేసరికి ఆ గుప్పెడు అన్నమూ గట్టిపడిపోయేది. అయినా నాలో నాకే ఒక గర్వం. పద్దెనిమిది రోజులుగా నోరు కట్టుకుని నెగ్గుకొస్తున్నాను కదా అని.

నాది ఆస్పత్రిలో రక్తం తీసే ఉద్యోగం. ఇరవై ఏళ్ళుగా అదే కిటికీ పక్కన, అదే స్టూలు మీద. పిడికిలి బిగించండి, చీమ కుట్టినట్టుంటుంది, అయిపోయింది, దూది గట్టిగా పట్టుకోండి. రోజుకి ఎనభై మందికి ఈ మాటలే. కాగితం మీద అంకె చూసి మొహం వేలాడేసుకున్న ఆడవాళ్ళకి, "తిండి తగ్గించుకోవాలమ్మా, మీకోసం మీరే చూసుకోవాలి" అని ఉచిత సలహా కూడా పారేసేదాన్ని. నా రక్తం నేను చూసుకున్న పాపాన పోలేదు. ఒకరోజు కళ్ళు తిరిగి నేనే ఆ రోగుల కుర్చీలో కూలబడితే, నా తోటి టెక్నీషియన్ చెయ్యి పట్టుకుని బలవంతంగా తీసింది. షుగర్ అంత ఉంటుందని నేనూ అనుకోలేదు. డాక్టరమ్మ కాగితం చూసి నవ్వి, "మీకు నేను చెప్పాలా? ఊరందరికీ మీరే చెప్తుంటారు" అంది.

ఇంట్లో చెప్పాను. "తిండి తగ్గించు మరి, ఎవరొద్దన్నారు?" అన్నారాయన. నిజమే, ఎవరూ వద్దనలేదు. వండటం తగ్గించమని కూడా ఎవరూ అనలేదు. మా అత్తయ్యకి ఎనిమిదేళ్ళుగా ఇదే జబ్బు. ఆవిడకి నూనె లేకుండా వేరే గిన్నెలో కూర, వేరే పొయ్యి మీద అన్నం, గడియారం చూసుకుని మాత్రలు. ఎనిమిదేళ్ళలో ఒక్కపూట తప్పలేదు. "నా కోడలు చేతి పథ్యం తింటే రోగం కాదు, నోరే చచ్చిపోతుంది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేది ఆవిడ. ఆ మాటకి చాలా ఏళ్ళు లోపల్లోపల ఏడ్చాను. ఇప్పుడు నాకూ అదే జబ్బు వస్తే, ఆవిడ గిన్నెలోనే ఇంకో గుప్పెడు ముక్కలు వేసుకుని సరిపెట్టుకున్నాను. మిగతా ఇద్దరికీ, ఆయనకీ మా అమ్మాయికీ, మామూలు వంట. ఒకదాని పక్కన ఒకటి మూడు పొయ్యిలు మండుతుంటే మధ్యలో నేను.

నెల తిరిగాక మళ్ళీ రక్తం ఇచ్చాను. తగ్గుతుందనుకున్నది ఇంకా పెరిగింది. నా తోటి టెక్నీషియన్ కాగితాన్ని వెనక్కి దాచుకుని, "అక్కా, నిజం చెప్పండి, ఏం తింటున్నారు?" అంది. పథ్యమే తింటున్నానన్నాను. "కంచంలో సంగతి కాదు. నోట్లో ఏం పడుతోందో అది చెప్పండి" అంది. చెప్పడం మొదలుపెట్టాక నాకే సిగ్గేసింది. రుచి చూడటానికి ముక్క, చెంచాడు. మాడిందో లేదో చూడటానికి వేపుడు అంచు. పొద్దున్న ఆయన సగం తాగి వదిలేసిన తియ్యటి కాఫీ. మా అమ్మాయిని చిన్నప్పటినుంచీ పిచ్చుక అంటాం, ఏది పెట్టినా పొడిచినట్టు తిని సగం వదిలేస్తుందని. అది వదిలిన కేకు ముక్క, వెన్న రాసిన బ్రెడ్డు, అడుగున మిగిలిన నాలుగు ముద్దల అన్నం. పారేయబుద్ధి కాక, మళ్ళీ డబ్బాలో సర్దే ఓపిక లేక, నిలబడే నోట్లో వేసుకున్నవన్నీ. ఇంట్లో మిగిలిందంతా చేరే చోటు నా కడుపు. అది తినడం కిందికి వస్తుందని ఇన్నేళ్ళలో నాకు తట్టనే లేదు. అంట్లు తోమడంలో అదీ ఒక భాగమనుకున్నాను.

ఆ సాయంత్రం ఒకటే వంట చేశాను, నలుగురికీ. కూరగాయలు ఉడకబెట్టి పైన కాస్త మిరియాలపొడి, నూనె లేని చేప, కొలిచిన అన్నం. ఒకటే గిన్నె, ఒకటే పొయ్యి. చెయ్యి ఎంత తేలికగా ఉందో చెప్పలేను. అరగంటలో పనయిపోయి, వెలుగుండగానే వంటింటి కిటికీ దగ్గర ఊరికే నిలబడ్డాను.

"ఏంటిది, ఆస్పత్రి భోజనం ఇంటికే తెచ్చేశావా?" అన్నారాయన, తన జోక్‌కి తనే నవ్వుకుంటూ. పిచ్చుక ఒక ముక్క నోట్లో వేసుకుని, కంచం ముందుకి తోసేసింది. దానికి పదిహేడేళ్ళు. పరీక్షలు దగ్గర పడ్డాయి, మొహం వాడిపోయి ఉంది. "నీ జబ్బుకి మేమెందుకమ్మా పథ్యం చెయ్యాలి?" అంది.

దానికి తెలియదు. ఆ మాట దానిది కాదు, నాది.

నాకూ అప్పుడు పదిహేడేళ్ళే. మా అమ్మ ఇంట్లోనే కుట్టుమిషను తొక్కేది. షుగర్ అని తెలిశాక అమ్మ అందరికీ కలిపి ఒకటే చప్పటి వంట మొదలుపెట్టింది. తొమ్మిది రోజులు నడిచింది. పదోరోజు నేను ఇలాగే కంచం తోసేసి, ఇంచుమించు ఇదే మాట అన్నాను. అమ్మ నన్నేమీ అనలేదు. నవ్వుతూ లేచి, మూకుడు పెట్టి, నిండా నూనె పోసి వేపుడు చేసింది. నేను రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. మిగిలింది అమ్మ తింది. ఆ తర్వాత అమ్మ పథ్యం ఊసే ఎత్తలేదు. మిషను తొక్కే కాలికి ఎప్పుడో సూది గుచ్చుకుంటే నొప్పే తెలియలేదట. పుండు ముదిరి ముందు వేళ్ళు తీసేశారు, తర్వాత పాదం. యాభై ఒకటో ఏట పోయింది. పలకరించడానికి వచ్చిన బంధువులు, "మహాతల్లి, అందరికీ వండిపెట్టింది కానీ తన తిండి తను చూసుకోలేదు" అన్నారు. అందరితోపాటు నేనూ తలూపాను. ఆ తలూపడం తలుచుకుంటే ఈనాటికీ నా మెడ వంగిపోతుంది.

"దానికి పరీక్షలు కదా, రెండు గుడ్లు వేయించి పారెయ్యరాదూ? ఐదు నిమిషాల పని" అన్నారాయన. నేను ఎప్పుడు లేచానో నాకే తెలియదు. చూసుకునేసరికి పొయ్యి వెలిగించి ఉంది, మూకుడులో నూనె కాగుతోంది, చేతిలో గుడ్డు. ఇన్నేళ్ళ అలవాటు, కాళ్ళూ చేతులూ నన్ను అడక్కుండానే కదిలిపోతాయి.

"ఏమే అమ్మాయ్" అంది అత్తయ్య వెనకనుంచి. ఆవిడ ఎప్పుడూ వేసే ఎత్తిపొడుపే అనుకుని తిరగలేదు. "ఎనిమిదేళ్ళు నాకోసం వేరే గిన్నె పెట్టావు. నీకు ఎవరు పెడతారే?"

తిరిగి చూశాను. ఆవిడ తల వంచుకుని చేపలో ముల్లు తీసుకుంటోంది. ఆ మాట ఇంతకాలం మనసులో ఉంచుకుందా, అప్పుడే తట్టిందా, నాకు తెలియదు. అడగలేదు.

పొయ్యి కట్టేశాను. వచ్చి పిచ్చుక ఎదురుగా కూర్చున్నాను. అది అప్పటికే కుర్చీలోంచి లేస్తోంది.

"మీ అమ్మమ్మ ఎలా పోయిందో తెలుసా నీకు?"

"షుగర్‌తో. తిండి చూసుకోలేదని నువ్వే చెప్పావుగా."

"అబద్ధం చెప్పాను. చూసుకుంది. నేను చూసుకోనివ్వలేదు."

నేను చెప్పాను, చప్పటి వంట, తోసేసిన కంచం, అమ్మ పెట్టిన మూకుడు, రెండుసార్లు వడ్డించుకోవడం, ఏదీ దాచకుండా. పెళ్ళయి ఇరవై ఏళ్ళయినా ఆయనకి కూడా చెప్పని సంగతి. ఏడుపొస్తే బాగుండుననిపించింది కానీ రాలేదు.

పిచ్చుక తను తోసేసిన కంచం వంక చూసింది. తర్వాత నెమ్మదిగా, "మరి అమ్మమ్మ నిన్నేమీ అనలేదా?" అంది.

"అనలేదు. ఒక్క మాట అనుంటే ఇన్నేళ్ళు మోసేదాన్ని కాదు. అందుకే నేను అంటున్నాను. ఈ ఇంట్లో ఇక ఇదే వంట. ఇంకోటి కావాలంటే వండుకో, నేర్పిస్తాను. నేను మాత్రం వండను."

అది కుర్చీ మళ్ళీ ముందుకి లాక్కుంది. తిన్నదో, వదిలేసిందో నేను చూడలేదు. నాకు ఆకలేస్తోంది.