పురిటి వార్డు గోడమొదలు

పురిటి వార్డు నేలను చూడటానికి జనం బస్సెక్కి వచ్చిన రోజులున్నాయి. బిడ్డల్ని చూడటానికి కాదు, అచ్చంగా నేలనే. లేత ఆకుపచ్చ రంగు, అద్దంలాంటి నునుపు, అతుకు ఎక్కడుందో వెతికితే గాని దొరకదు. ఇంగ్లండు నుంచి ఓడలో చుట్టలు చుట్టి వచ్చిన వినైల్ అనే ప్లాస్టిక్ పట్టా అది. ఇంగ్లీషువాళ్లు ఏలే ఆ దీవిలో, ప్లేన్ మాన్యెన్ అనే ఊరు దాటాక చెరకు తోటల మధ్య ఉన్న ఆ చిన్న ఊళ్లో అంతవరకు పేడతో అలికిన నేలలు, సిమెంటు నేలలు తప్ప మూడో రకం ఎవరూ ఎరగరు. ప్రారంభోత్సవం రోజున ప్రభుత్వ కట్టడాల అధికారి జగన్నాథం గారు బూటు మడమతో ఆ నేలను రెండుసార్లు తట్టి, "ఇది స్వతంత్ర దేశానికి తగిన నేల" అన్నారు. స్వాతంత్ర్యానికి ఇంకా ఆరు నెలలుంది. నేల మాత్రం ముందే వచ్చేసింది.

నాలుగో నెలకల్లా ఆ నేల కంపు కొట్టడం మొదలుపెట్టింది.

అది జనవరి. వాన, ఎండ, మళ్లీ వాన. కిటికీలు తెరిస్తే చెరకు మిల్లు వాసన, మూస్తే లోపలి వాసన. బాలింతలు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని బిడ్డలకు పాలిచ్చేవారు. కంపుకు కారణం ఎవరో కనిపెట్టడానికి జగన్నాథం గారికి ఎక్కువసేపు పట్టలేదు. వార్డులో అందరికంటే తక్కువ జీతం ఎవరిదో అడిగి తెలుసుకున్నారు, అంతే.

అది నరసమ్మది. ఆ వార్డు ఊడ్చి కడిగే మనిషి. వయసు యాభైకి దగ్గర. ఇరవై ఏళ్లు చెరకు కోసింది. మోకాళ్లు ఇక లేవనని మొరాయించాక ఈ పని దొరికింది. ఆరు నెలలు పరీక్ష మీద పెట్టుకుంటారు, ఆ తర్వాత పర్మనెంటు. ఆరో నెల ఈ జనవరితో నిండుతుంది. పర్మనెంటు అయితే తెల్ల యూనిఫాం, చివరిదాకా తిండి. కాకపోతే మళ్లీ కొడవలి. ఆ మోకాళ్లతో కొడవలి పట్టడం జరిగే పని కాదని ఆమెకు తెలుసు, ఆమెను పనిలోకి పిలవబోయే మేస్త్రీకి ఇంకా బాగా తెలుసు.

మంగళవారం జగన్నాథం గారు కాత్ర్ బోర్న్ పట్నం నుంచి కారులో దిగారు. మెడలో టై, చేతిలో మడిచిన గొడుగు. ఆదివారాల్లో ఆయన తెలుగు సంఘం సభలో భాష గురించి, సంస్కృతి గురించి కళ్లు చెమర్చేలా మాట్లాడతారు. మిగతా ఆరు రోజులూ ఫ్రెంచిలో మాట్లాడతారు, అయ్యా అని కాక మిస్యే అని పిలిపించుకుంటారు. నరసమ్మలాంటి వాళ్లతో మాత్రం తెలుగే, తిట్టడానికి అదే వాటంగా ఉంటుంది గనుక.

"ఎకూత్, విను నరసమ్మా! ఇదేమన్నా పశువుల కొట్టమా? బకెట్లకు బకెట్లు కుమ్మరిస్తున్నావట. తడిగుడ్డతో తుడవాలి. కంపెనీ కాగితంలో రాసుంది."

"ఆ కాగితం రాసిన దొర పురిటి గది చూశాడా, మిస్యే?"

"ఏం?"

"మూడు కాన్పులైన పొద్దున వచ్చి తడిగుడ్డతో తుడిచి చూపించమనండి. ఆ గుడ్డ నేనే అందిస్తా."

పక్కనున్న నర్సు మోనిక్ దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకుంది. ఆ ఊళ్లో పురుడైన గదిని నీళ్లతో కడగకుండా వదిలిన ఇల్లు లేదు. తెలుగువాళ్లు గాని, క్రెయోల్ వాళ్లు గాని, ఆ ఒక్క విషయంలో అందరిదీ ఒకే మాట. నరసమ్మ తల్లి పదకొండు రోజులు కడిగేది. నరసమ్మ ఇక్కడ రోజుకు రెండుసార్లు కొబ్బరి పుల్లల చీపురుతో కడుగుతుంది.

జగన్నాథం గారు గొడుగు మొనతో నేలను పొడిచారు. "శుక్రవారం రాజధాని పోర్ట్ లూయీ నుంచి పెద్ద డాక్టరు చూడటానికి వస్తున్నాడు. ఈలోగా వాసన పోవాలి. లేకపోతే నువ్వు పోతావు." అని, కారులోంచి ఒక లావెండరు సెంటు సీసా తెప్పించి మోనిక్ చేతిలో పెట్టారు. "మూలల్లో నాలుగు చుక్కలు చల్లండి."

కారు వెళ్లాక మోనిక్ మూత తీసి వాసన చూసింది. "మా పెద్దమ్మ శవానికి ఇదే చల్లాం, మతాంత్" అంది. పిన్నీ అనడానికి క్రెయోల్ వాళ్ల మాట అది.

నరసమ్మ నవ్వలేదు. ఫినాయిలు కలిపింది, సున్నం నీళ్లు కలిపింది, నిమ్మ తొక్కలతో రుద్దింది. నేల ఇంకా మెరిసింది. కంపు ఇంకా పెరిగింది. గురువారం పొద్దున వంగి గోడవార కడుగుతుంటే ఆమెకు ఒక సంగతి తట్టింది. చెంబుడు నీళ్లు తెచ్చి గోడ మొదట్లో నెమ్మదిగా పోసింది. పోసిన నీళ్లు ఇటు రావాలి, చీపురుకు అందాలి. సగం కూడా రాలేదు. ఇంకో చెంబు పోసింది. అవీ అంతే. గోడకు కొట్టిన చెక్క పట్టీ కిందికి చప్పుడు లేకుండా దిగిపోయాయి.

ఆమె అలాగే చతికిలబడి ఆ పట్టీ వంక చూసింది. అది అక్కడికి ఎలా వచ్చిందో ఆమెకు తెలుసు. ఆ రోజు తనూ అక్కడే ఉంది. అసలు తన నోటి వల్లే అది జరిగింది.

ఆగస్టులో నేల పరిచేటప్పుడు వినైల్ చుట్టలతో పాటు ఒక కట్ట సన్నటి చెక్క ముక్కలు కూడా వచ్చాయి. పొడుగ్గా, లోపలికి వంపు తిరిగి ఉండేవి. వడ్రంగి మార్సెల్ కాగితంలోని బొమ్మ చూసి, ఆ ముక్కల్ని నేలా గోడా కలిసే చోట అతికించి, వినైల్‌ను వాటి మీదుగా జానెడు ఎత్తు గోడకు ఎక్కించడం మొదలుపెట్టాడు. మూల అనేదే లేదు. నేల అలా నడుచుకుంటూ వెళ్లి గోడయిపోయింది. మురికి కూర్చోవడానికి చోటేదీ లేదు. ఒక గోడ సగం అయ్యేసరికి, కూలీల చెత్త ఊడవడానికి వచ్చిన నరసమ్మ సంతోషం పట్టలేకపోయింది. "అచ్చం మా పాకే, మార్సెల్! మా అమ్మ పేడా మట్టీ కలిపి అరచేత్తో గోడ మొదలంతా ఇలాగే వంపు తిప్పేది. కసువు నిలిచేది కాదు, చీమ దూరేది కాదు. కరోల్ తుఫానులో పోయింది గాని ఆ పాక..."

వెనక జగన్నాథం గారున్నారని ఆమె చూసుకోలేదు.

జగన్నాథం గారు కూడా అలాంటి పాకలోనే పుట్టారు. ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. కాత్ర్ బోర్న్‌లో ఎవరికీ తెలియదు. తండ్రి భూస్వామి అని అక్కడ చెప్పుకుంటారు. పాక అన్న మాట వినగానే ఆయన మొహం కందగడ్డలా అయింది. "పేడ కొంపలా ఉందా? ప్రభుత్వ ఆసుపత్రి పేడ కొంపలా ఉందా? మార్సెల్, పీకెయ్! మూలంటే మూలే. రూళ్లకర్రతో గీసినట్టుండాలి." మార్సెల్ కాగితం చూపించబోయాడు. "కాగితం వాళ్ల దేశానికి. ఇది మన దేశం!" అన్నారాయన. మన దేశంలో పాకలు లేనట్టు. ఎక్కించిన వినైల్ కత్తిరించి, గోడ దాకా పరిచి, నేలా గోడా కలిసే సందు కనబడకుండా పైన చెక్క పట్టీ కొట్టి మెరుగు పూశారు. చూపుకు దివ్యంగా ఉంది. వంపు ముక్కల్ని మార్సెల్ ఇంటికి పట్టుకెళ్లాడు.

నరసమ్మ మార్సెల్‌ను పిలిపించింది. "ఒక్క జానెడు లేపు నాయనా."

"మతాంత్, నా చేతులు విరగ్గొడతాడు."

"నీవి విరగ్గొడితే కట్టు కడతారు. నాది ఉద్యోగం."

మార్సెల్ ఉలి దూర్చి పట్టీ లేపాడు. లేపీ లేపగానే మోనిక్ చెయ్యి నోటికి పోయింది. నాలుగు నెలల కడుగునీళ్లు ఆ సందులో నల్లటి బురదై కూర్చున్నాయి. తెల్ల పురుగులు ఆ బురదలో హాయిగా తిరుగుతున్నాయి. వినైల్ అంచు పైకి లేచి, కింద జిగురు జున్నులా ఉబ్బింది.

ఎవరు చేరవేశారో గాని మధ్యాహ్నానికి కారు మళ్లీ వచ్చింది. జగన్నాథం గారు కోటు విప్పి, తానే మోకాళ్ల మీద కూర్చుని, మార్సెల్ సుత్తి లాక్కుని పట్టీ తిరిగి కొట్టేశారు. ఆ వార్డు కోసం ఆయన ఒంటితో చేసిన పని అదొక్కటే. తర్వాత లేచి గొంతు తగ్గించారు.

"నరసమ్మా, నువ్వు మా అక్కలాంటిదానివి."

నాలుగు నెలల్లో లేని చుట్టరికం.

"రేపు డాక్టరు అడిగితే తప్పు నాదే అను. నీళ్లెక్కువ పోశాను, ఇకపై తడిగుడ్డతో తుడుస్తాను అను. క్షమిస్తాడు. సోమవారం నీ పర్మనెంటు కాగితం నేనే తెచ్చిస్తా. ఇంకో మాట అన్నావో, ఆ కాగితం నా టేబులు దాటదు."

నరసమ్మ తలూపలేదు, తల అడ్డంగానూ తిప్పలేదు. ఆయన దాన్ని ఒప్పుకోలు కింద జమకట్టుకుని వెళ్లిపోయారు.

"ఒప్పేసుకో" అంది మోనిక్. "ఒక్క అబద్ధం. నేనైతే వారానికి మూడు చెప్తా."

నరసమ్మ ఆ సాయంత్రమంతా ఆ మాటనే మనసులో తిప్పి తిప్పి చూసుకుంది. ఒప్పుకుంటే ఉద్యోగం ఉంటుంది. నిజమే. ఆ పట్టీ కూడా ఉంటుంది. యూనిఫాం వేసుకుని చచ్చేదాకా రోజూ ఆ పురుగుల పక్కన తడిగుడ్డ ఆడిస్తూ, ఇది శుభ్రం, ఇది శుభ్రం అని వచ్చిన ప్రతి బాలింతకూ చెప్పాలి. అలాంటి పనికి పర్మనెంటు కావడమంటే ఏమిటో ఆమెకు అంతుపట్టలేదు.

శుక్రవారం వార్డులో లావెండరు గుప్పుమంది. దాని కింద కంపు, కంపు పైన సెంటు. రెండూ కలిస్తే ఒక్కోదానికంటే ఘోరం. పెద్ద డాక్టరు సన్నటి ముసలాయన. గుమ్మంలోనే ఆగి ముక్కు ఎగబీల్చాడు. జగన్నాథం గారు గడగడా ఫ్రెంచి అందుకున్నారు. ఊడ్చే మనిషి పల్లెటూరి అలవాట్ల మనిషి అన్నారు, పేడ నేలకూ ఇలాంటి నేలకూ తేడా తెలియదన్నారు, ఆమే తప్పు ఒప్పుకుంటుందన్నారు. నరసమ్మకు అందులో సగం అర్థమైంది. ఆ సగం చాలు.

"ఒప్పుకో, నరసమ్మా" అన్నారు, చిరునవ్వుతో.

"ఒప్పుకుంటా, మిస్యే. నీళ్లు పోశాను."

డాక్టరు తల పంకించాడు. జగన్నాథం గారు గట్టెక్కామన్నట్టు గొడుగు చంకన పెట్టుకున్నారు.

"ఎక్కడికి పోయాయో కూడా చూపిస్తా" అని నరసమ్మ ఆ పాడు మోకాళ్ల మీదే గోడ మొదట్లో కూర్చుంది. నిన్న అధికారి గారు స్వహస్తాలతో కొట్టిన మేకులు సగమే దిగాయి. రెండు చేతులా పట్టి లాగేసరికి పట్టీ మూరెడు పొడుగున ఊడి చేతికొచ్చింది. మూడో మంచం మీది బాలింత బిడ్డను ఎత్తుకుని గోడవైపు నుంచి జరిగిపోయింది. డాక్టరు జరగలేదు. వంగి, కళ్లద్దాలు సర్దుకుని, చాలాసేపు చూశాడు.

"ఇక్కడ వంపు ఉండాలి కదా" అన్నాడు క్రెయోల్‌లో, అందరికీ అర్థమయ్యేలా. "అన్ని వార్డులకూ పంపాం. ఆ ముక్కలేవి?"

"రాలేదండి" అన్నారు జగన్నాథం గారు వెంటనే. "ఓడలో పోయినట్టున్నాయి."

గుమ్మం దగ్గర టోపీ నలుపుతూ నిలబడ్డ మార్సెల్ గొంతు సవరించుకున్నాడు. భయానికో, అలవాటుకో, అతని నోట నిజమే వచ్చింది. "వచ్చాయి మిస్యే. మా కోళ్లు వాటి మీదే పడుకుంటున్నాయి. మిస్యే జగన్నాథం పీకెయ్యమన్నాడు."

మోనిక్‌కు ఈసారి దగ్గు నటించే ఓపిక లేకపోయింది. పకపకా నవ్వింది. మంచాల మీద నుంచి ఒక్కొక్కరే అందుకున్నారు. కుట్లు పడినవాళ్లు పొట్ట పట్టుకుని మరీ నవ్వారు.

వార్డును పది రోజులు మూశారు. కోళ్లు తొక్కిన చెక్క మళ్లీ గోడకు పనికిరాదు గనుక వంపు సిమెంటుతో చెయ్యమన్నారు. మార్సెల్‌కు చెక్క తెలుసు, సిమెంటు తెలియదు. నరసమ్మ చేతికి గుడ్డ చుట్టుకుని, గోడ మొదలంతా తిరుగుతూ అరచేతి అంచుతో వంపు తీసి చూపించింది. దాని మీద వినైల్ ఎక్కింది. తర్వాత ఆమె చెంబుడు పోస్తే చెంబుడూ తిరిగి చీపురు దగ్గరికే వచ్చింది. నెలాఖరున పర్మనెంటు కాగితం పోర్ట్ లూయీ నుంచి టపాలో వచ్చింది, డాక్టరు సంతకంతో. అది ఎవరి టేబులూ దాటాల్సిన అవసరం లేకపోయింది.

జగన్నాథం గారికి ఏమయిందని అడుగుతారు. అయింది. మార్చిలో జెండా మారింది. కొత్త ప్రభుత్వానికి చదువుకున్నవాళ్లు, టై కట్టడం తెలిసినవాళ్లు బొత్తిగా చాలలేదు. ఏప్రిల్‌లో మోనిక్ పేపరు పట్టుకుని వార్డులోకి వచ్చింది.

"మతాంత్, మన మిస్యేకి ప్రమోషన్! ఇకపై ఉత్తరాన కట్టే మూడు ఆసుపత్రులూ ఆయన చేతిలోనేనట."

నరసమ్మ బకెట్ దించింది. కొత్త యూనిఫాం చేతులు మోచేతుల దాకా మడుచుకుంది.

"ఆ మూడింట్లో ఊడవబోయేవాళ్లెవరో కనుక్కుని చెప్పు, మోనిక్. ఆదివారం బస్సెక్కి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి గోడమొదలు సంగతి చెప్పొస్తా."