ఇన్‌స్పెక్టరు చూడని చెక్క

దర్శి దగ్గరి మా మిషన్ బడిలో ఏ కొత్త వస్తువొచ్చినా ఇన్‌స్పెక్టరు కంట పడేదాకా పిల్లల చేతికివ్వరు. గ్లోబు, అయస్కాంతం, ఫుట్‌బాల్ అన్నీ ఇనప బీరువాలో క్షేమం. ఆ ఫుట్‌బాల్ పుట్టి బుద్ధెరిగి ఎవరి కాలికీ తగల్లేదు. హెడ్‌మాస్టరు ఏసోబు గారికి అదో గర్వం.

ఆరో తరగతి సలోమికి పుట్టుకతోనే చేతులు వణుకుతాయి. పాఠం అప్పజెప్పమంటే తడుముకోదు, రాయమంటే మాత్రం అక్షరాలు గీతలు దాటిపోతాయి. అర్ధసంవత్సర పరీక్ష సొంతంగా రాయకపోతే పేరు కొట్టేస్తానని ఏసోబు గారు తేల్చేశారు. అదే జరిగితే తల్లి పక్కన మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చోవాలి.

ఆ ఏడే మిషన్ ఆసుపత్రి నుంచి దేవకుమారి అనే ఆక్యుపేషనల్ థెరపిస్టు నెలకోసారి రావడం మొదలుపెట్టింది. చేయి సరిగా ఆడని పిల్లలు బడిపని ఎలా చేసుకోగలరో చూడటం ఆమె ఉద్యోగం. మా పంతుళ్లకు అదేం పట్టలేదు. డాక్టరమ్మ వచ్చిందని నడుం నొప్పులతో ముందు వాళ్లే వరస కట్టారు.

ఆమె వాళ్లను తప్పించుకుని సలోమి పక్కన నేలమీద కూర్చుంది. వడ్రంగి చేత ఏటవాలు చెక్క చేయించి, పెన్సిలుకు సైకిలు ట్యూబు చుట్టింది. చెక్కమీద మోచెయ్యి ఆనగానే వణుకు తగ్గి అక్షరాలు కుదురుకున్నాయి. అప్పుడు ఆ పిల్ల ముఖం చూడాలి.

"రోజూ రాసేటప్పుడు ఇవి ఇవ్వాలండి," అంది దేవకుమారి.

"అలాగేనమ్మా," అన్నారు ఏసోబు గారు. ఆమె బస్సెక్కగానే రెంటినీ బీరువాలో పెట్టి తాళం వేశారు.

మరుసటి నెలకు సలోమి రాత మళ్లీ మొదటికొచ్చింది. చెక్క ఏదని దేవకుమారి అడిగితే, ఏసోబు గారు తువ్వాలుతో తుడిచి మరీ చూపించారు.

"చూడండమ్మా, ఒక్క మరకైనా పడలా."

"పిల్ల వాడుకోడానికి కదండీ చేయించింది?"

"పిల్లల చేతికిస్తే ఉంటదా? ముందు ఇన్‌స్పెక్టరు గారు చూడనీండి."

దేవకుమారికి ఒళ్లు మండింది. ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

సరిగ్గా పరీక్ష రోజునే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మేజామీద గ్లోబు పక్కన చెక్కా, పెన్సిలూ పెట్టారు. సలోమి లేచి వెళ్లి, ఎవరినీ అడక్కుండా ఆ రెండూ తెచ్చుకుని తన చోట కూర్చుని రాయసాగింది. ఏసోబు గారు కుర్చీలోంచి సగం లేచారు.

ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు. "ఎలా వాడతారో చూపించమన్నారా మాస్టారూ? బాగుంది."

"చిత్తం, అంతా నా ఏర్పాటేనండి."

జీపు అలా కదిలిందో లేదో, ఏసోబు గారు తాళాల గుత్తితో వచ్చి చేయి చాచారు. "ఇటివ్వవే, లోపల పెట్టాలి."

సలోమి తలెత్తలేదు.

"పరీక్ష ఇంకా అవలేదండి," అని రాస్తూనే ఉంది.