పలకలను పాడించే యాంప్లీ

ఉమాకాంత్ ఇంట్లో ముందు గది సగం రెండు పలకలకే పోయింది. ఒక్కోటీ మనిషి ఎత్తు. మందం జానెడు కూడా లేదు. పేరుకు స్పీకర్లు. డబ్బా లేదు, అయస్కాంతం లేదు. ముందొకటి, వెనకొకటి చిల్లుల రేకు, నడుమ ఉల్లిపొర లాంటి ప్లాస్టిక్ పొర. ఆ పొరకు వేల వోల్టుల కరెంటు ఎక్కించాలి. పాట వచ్చినప్పుడు పొర మొత్తం ఊగి, గదిలోని గాలిని కదిలిస్తుందట.

నాందేడ్ ఇత్వారా పేటలో మోటార్లకు తీగ చుట్టే ఉమాకాంత్, దుకాణం కట్టేశాక కూర్చుని కొన్నేళ్లుగా వీటిని చేశాడు. చేయడం అయింది. పాడించే యాంప్లీ దొరకలేదు. ఏది తెచ్చినా ఒక పాట పూర్తికాకముందే చేతులెత్తేసేది.

నవరాత్రికి ఇల్లు దులుపుతూ భార్య భాగ్యవతి తేల్చి చెప్పింది.

"ఘటస్థాపనకు దేవిని యాడ కూసోబెట్టాలె? నీ తలుపుల నెత్తి మీదనా? రేపు పగటీలి పాత సామాన్ గొనే భంగార్ వెంకటి అస్తుండు. అప్పటికి పాడితే ఉంటయ్. లేకుంటే బండెక్కుతయ్."

ఉమాకాంత్ తెల్లారగానే వజీరాబాద్‌ పేటలో ఆనందం ఇంటికి పోయాడు.

ఆనందానికి సౌండ్ సర్వీస్. నాందేడ్‌లో ఊరేగింపు పోతుంటే కిటికీ అద్దాలు గలగలమన్నాయంటే, ముందు బండి మీదున్నవి అతని డబ్బాలే. డబ్బా లేని స్పీకర్ పాడుతుందంటే అతనికి నవ్వొచ్చేది. కానీ ఆ పొద్దు ఉమాకాంత్ మొహం చూసి నవ్వలేదు. తన దగ్గరున్న వాటిలో అన్నిటికంటే ఎక్కువ వాట్ల యాంప్లీని ఆటోలో వేసుకుని వచ్చాడు. వాట్లు ఎంత ఎక్కువైతే అంత మంచిదని అతని నమ్మకం.

కొత్త సామానుకు తీగ కలిపే ముందు ఆనందం బొట్టు పెడతాడు. పని నేర్పినవాళ్లు నేర్పిన అలవాటు. ఉమాకాంత్ పలకల ప్లగ్గు పెట్టి, వెనక తీగ బిగిస్తున్నాడు. ఆనందం దేవుడి గూట్లోంచి చిటికెడు కుంకుమ తీసి పలక ముందుకు తెచ్చాడు. వేలు ఇంకా తగలనే లేదు. కుంకుమ వేలి మీంచి తనంతట తాను లేచింది. సన్నని ఎర్రటి ఆవిరిలా సాగి చిల్లుల్లోకి పోయింది. లోపల చిట్‌మని నిప్పురవ్వ మెరిసింది.

"ఓ ఆనందమన్నా! ఏం జేస్తివే!" ఉమాకాంత్ ప్లగ్గు గుంజి ఉరికొచ్చాడు.

"బొట్టు పెట్టినరా."

"దానికి బొట్టేంది! ఉత్త దుమ్మునే గుంజుకుంటది, కుంకుమను ఇడుస్తదా?"

"నేను పెట్టనే లేదు తమ్మీ. అదే తీస్కున్నది." ఆనందం తన వేలు చూసుకున్నాడు. అరిచి మాట్లాడే మనిషికి గొంతు తగ్గిపోయింది.

ఉమాకాంత్ కుంచెతో దులిపి, మోటార్ల దుమ్ము ఊదే బ్లోయర్‌తో ఊది, మళ్లీ ప్లగ్గు పెట్టాడు. పాట మొదలైంది. నాలుగు మాటలైనా కాలేదు, చిడతలు మోగగానే యాంప్లీ మీద ఎర్ర దీపపు బుగ్గ వెలిగింది. అంతా నిశ్శబ్దం. ఆపి మళ్లీ పెట్టారు. మళ్లీ చిడతల దగ్గరే ఎర్ర బుగ్గ.

భాగ్యవతి వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "ఏందన్నా, ఊరంత లేపే మిషిను మా ఇంటికి రాంగనే పండుకున్నది?"

"దిష్టి తాకింది చెల్లె."

"ఎవ్వరిది, నాదేనా?"

"నేనన్లే. నువ్వే అన్నవ్."

ఉమాకాంత్ కింద కూలబడ్డాడు. "వాట్ల తోటి అయ్యే పని కాదన్నా. చిడతలు, గజ్జెలు గిట్ల సన్నటి సప్పుడు అచ్చిందంటే ఇవి మస్తు కరెంటు గుంజుతయ్. తీగలు రెండు అంటుకున్నట్టే ఐతది యాంప్లీకి. బెదిరి బంద్ ఐతది. అంటుకున్నా బెదరనిది కావాలె. గసుంటిది యాడున్నది?" యాంప్లీ తీగ విప్పుతూ, "పోనియ్. వెంకటి అచ్చే యాళ్లయింది" అన్నాడు.

భాగ్యవతి ఇంకో మాట అనబోయింది. వంగిన మొగుని మెడ చూసి ఆ మాట మింగేసి లోపలికి పోయింది.

"అంటుకున్నా బెదరనిది..." ఆనందం లేచి నిలబడ్డాడు. "ఉన్నదిరా!"

ఒకప్పుడు ముఖేడ్ దగ్గర జాతరలో మైకు హారన్ తీగ ఎద్దుబండి చక్రం కింద పడి నలిగింది. రెండు తీగలూ దాదాపు కలిసిపోయాయి. తెలియక పెట్టిన యాంప్లీ కాలిపోయింది. దాని జాగాలో ఆనందం ఒక పాతదాన్ని పెట్టాడు. అది ఒళ్లంతా కాగింది గానీ, ఆ నలిగిన తీగతోనే హరికథ చివరిదాకా వినిపించింది. లోపల తిరగలి రాయంత ట్రాన్స్‌ఫార్మర్. మోయలేక, వాట్లు తక్కువని ఎవరూ అడగక, దుకాణం మూలన పడేశాడు.

ఇద్దరూ పోయి దాన్ని ఆటోలో తెచ్చారు. గుమ్మం దాటించేసరికి రొప్పు పుట్టింది. తీగలు కలిపాక ఆనందం దాని మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నాడు.

పాట మొదలైంది. దెగ్లూర్‌లో ఉమాకాంత్ సొంత అన్న తన ఇంటి అరుగు మీద పాడిన భజన అది. ఉమాకాంతే ఫోన్‌లో పట్టి తెచ్చాడు. చిడతలు వచ్చాయి. ఆనందం చెయ్యి కింద ఇనుము వెచ్చబడుతోంది. ఎర్ర బుగ్గ వెలగలేదు.

చప్పుడు పెద్దగా లేదు. అసలు స్పీకర్లోంచి వస్తున్నట్టే లేదు. రెండు పలకల నడుమ, ఖాళీ జాగాలో, ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఊపిరి తీసుకుంటున్నాడు. పెదవులు విడుతున్నాయి. చిడత గజ్జెలు ఒక్కోటీ వేరువేరుగా రాలుతున్నాయి. పెద్దాయన పాడుతూ పక్కకు తల తిప్పితే, ఆ తిప్పడం కూడా తెలిసింది. ఆనందం లేచి పలక వెనక్కి పోయి చూశాడు. పలక చిల్లుల్లోంచి ఎదుటి కిటికీ, వీధి, ఎండ కనిపిస్తున్నాయి. ఇంకేమీ లేదు. అతని చేతి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. అది పలక కరెంటుకో, పాటకో అతనికి తెలియలేదు.

భాగ్యవతి తడి చేతులతో వంటింట్లోంచి వచ్చింది. గబుక్కున కొంగు తల మీదికి లాక్కుంది.

"బావ ఎప్పుడచ్చిండు? మంచినీళ్లన్న ఇయ్యరా మీరు?"

ఆమె గదంతా చూసింది. పలకల నడుమ నేలను చూసింది. అర్థమైంది. అయినా తల మీది కొంగు తీయలేదు. పాట వస్తున్న వైపు కాళ్లు చాపకుండా, గోడ పక్కన ఒదిగి కూర్చుంది.

వీధి గుమ్మంలో వెంకటి నిలబడి ఉన్నాడు. చేతిలో తూకపు తరాజు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో ఏమో. మెల్లగా అడిగాడు.

"వదినా, లోపట భజనున్నదా? చెప్పులు యాడ ఇడువాలె?"

భాగ్యవతి పెదవుల మీద వేలు పెట్టి, రెండో చేత్తో గుమ్మం పక్క జాగా చూపించింది.