పదకొండుమంది పాట

పట్టమ్మాళ్ గొంతు పోయిన నాలుగో నెలలో, అదే గొంతు ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి చొక్కా జేబులోంచి పాడింది.

పుదుచ్చేరిలో ఆసుపత్రి వసారాలో బల్ల మీద కూర్చుని ఉన్నాం. అది రెండువేల ఏడు, అరవల ఆడి మాసం, మన ఆషాఢం. పట్టమ్మాళ్ మెడకు తెల్లగుడ్డ చుట్టి ఉంది. గొంతులో పుండు. మాట పోయి గాలి మాత్రం మిగిలింది. పక్కనున్న మనిషి జేబులో ఫోను మోగింది.

"తెల్లారకముందే తల్లో, నారు మోసి తెస్తిమే..."

పట్టమ్మాళ్ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆ మనిషి ఫోను ఎత్తకుండా మురిసిపోతూ మా వైపు తిరిగాడు.

"బాగుండాది గదా పెద్దమ్మా? మెసేజి కొడితే ఫోనులోకి వస్తాది. నెలకి ముప్పై రూపాయలు పట్టుకుంటారు. ఊరంతా ఇదే పాట."

"ఎవురు పాడినారు నాయనా?" అన్నాను.

"నాకేం తెలుసు? బస్టాండు కాడ అంత పెద్ద బోర్డు పెట్టినారే, అందులో ఉండే పిల్ల అనుకుంటా."

ఆ బోర్డు నేనూ చూశాను. చెంపకు రంగు మట్టి పూసుకున్న తెల్లటి పిల్ల, చేతిలో నారుకట్ట. కింద అరవంలో 'వయల్ ట్యూన్స్, మట్టిలో పుట్టిన గొంతు' అని రాసుంది. వయల్ అంటే మడి. ఆ పిల్ల కాలు ఏ మడిలోనూ దిగలేదని ఆమె గోళ్ళు చూస్తేనే తెలుస్తుంది.

ఫోను ఇంకా మోగుతూనే ఉంది. పట్టమ్మాళ్ చరణం అయిపోయింది. వరస అందుకోవాల్సిన చోట ఏదో కీబోర్డు కులికింది. మా పదిమందినీ కోసేశారు.

నాట్ల పాట ఒంటరి పాట కాదు. మాది పుదుచ్చేరి పక్కన బాహూరు. తరతరాలుగా అక్కడే ఉన్న తెలుగు వీధి. పదకొండుమందిమి ఒకే వరసలో నాటేవాళ్ళం. పట్టమ్మాళ్ పాట చెబుతుంది, పదిమందిమి అందుకుంటాం. చెప్పేదానికి ఊపిరి చాలకపోతే, ఆమె ఎడమ పక్కనున్నది అదే మాట దగ్గర అందుకుని చెబుతుంది. గట్టు చేరేదాకా పాట ఆగకూడదు. ఆమె ఎడమ పక్క ముప్పై ఒక్క ఏళ్ళు నేనే ఉన్నాను.

మేము అందుకునే మాట ఇది: "వంగిన నడుములు మావే, పండిన మడి యెవ్వరిదే?"

కంపెనీ సరిగ్గా ఆ ప్రశ్ననే కోసేసింది.

పని చేసుకునే వాళ్ళకీ, చదువుకునే పిల్లలకీ ఒక మాట చెప్పుకోవాలి. తప్పు నా దగ్గరే మొదలైంది. అంతకు రెండేళ్ళ ముందు ధనపాల్ అనే ఏజెంటు మైకు పట్టుకుని మా మడి గట్టు మీదికి వచ్చాడు. పాట అయ్యాక మనిషికొక చీర, ఒక బిర్యానీ పొట్లం ఇచ్చి కాగితం తీశాడు. వరసలో అక్షరాలు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. రెడ్డియార్‌పాళయంలో ఒక యానాం ఉద్యోగి ఇంట్లో అంట్లు తోమే రోజుల్లో, పాత పేపర్లు పట్టుకుని ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని తెలుగు నేర్చుకున్నాను. అందరూ నా మొహం చూశారు. ధనపాల్ కాగితం ఇంగ్లీషులో ఉంది. రాదని చెప్పడానికి సిగ్గేసింది. పై నుంచి కింది దాకా చూపు నడిపి తల ఊపాను. నా తల ఊపు చూసి పదిమంది వేలిముద్ర వేశారు.

ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు మోటారు షెడ్డు ముందు అందరం కూర్చున్నాం. మా వరసలోని లోగనాయకి మనవరాలు కవిప్రియ లా కాలేజీలో చదువుతుంది. ధనపాల్ ఇచ్చిన నకలు నా పెట్టెలోంచి తీసి ఆమెకిచ్చాను. ఆ పిల్ల చివరిదాకా చదివి కాగితం మడిచింది.

"మీ గొంతులు ఎప్పటికీ వాళ్ళవే అని రాసుండాది అవ్వా. లోకంలో యాడైనా సరే. ఇప్పుడుండే మిషన్లలోనే కాదు, ఇంక కనిపెట్టబోయే మిషన్లలో కూడా."

"మేం చచ్చినాక?" అంది లోగనాయకి.

"చచ్చినాక కూడా."

లోగనాయకి నా వైపు తిరిగింది. "ఏందే చిన్నమ్మాయీ, ఆ పొద్దు అంతసేపు ఏం చదివినావు?"

"చదవలేదు. ఇంగ్లీషు. ఒక్క ముక్క రాలేదు. చెప్పడానికి నోరు రాలేదు."

"చీర కోసం తలకాయ ఊపినావా?"

"ఆ చీర రెండు ఉతుకులకే జల్లెడైంది గదే" అన్నారెవరో. నవ్వులు లేచాయి. నాకు నవ్వు రాలేదు. పట్టమ్మాళ్ జరిగి వచ్చి, మడిలో నిలబడినట్టే, నేను ఆమె ఎడమ పక్కకు వచ్చేలా కూర్చుంది. ఇంక ఎవరూ నన్ను ఏమీ అనలేదు.

"అడుగుదాం" అంది లోగనాయకి. "పాట మోగినన్నాళ్ళు పదకొండుమందికీ సమంగా కూలి ఇయ్యాల. కోసిన మా మాట మళ్ళీ పెట్టాల."

కంపెనీ ఆఫీసు గది ఆసుపత్రి కంటే చల్లగా ఉంది. మేనేజరు ముకుందన్ మా మాట పూర్తికాకుండానే చెయ్యెత్తాడు.

"ప్రచారానికి ఎంత పోశామో తెలుసా? ఆ బోర్డులు లేకపోతే మీ పాట ఎవరు వింటారమ్మా?"

"నీ బోర్డు నారు మోసిందా నాయనా?" అంది లోగనాయకి.

అతను ఆమెను వదిలేసి పట్టమ్మాళ్‌తో మాట్లాడాడు. "వినిపించే గొంతు మీది ఒక్కటే. మీ వైద్యం ఖర్చంతా మేం పెట్టుకుంటాం. ఈ పాట మీరొక్కరే పాడారని ఇక్కడ వేలిముద్ర వెయ్యండి. మిగతావాళ్ళకు దీంతో సంబంధం లేదు."

ఆపరేషను చెన్నైలో చెయ్యాలని, అది మావల్ల కాదని అందరికీ తెలుసు.

"వెయ్యవే" అన్నాను నేను. "మాకేమీ వద్దు. వెయ్యి."

"వెయ్యి అక్కా" అంది లోగనాయకి కూడా. అప్పటిదాకా పోట్లాడినదే కళ్ళు తుడుచుకుంది.

పట్టమ్మాళ్ కాగితాన్ని కొనవేలితో వెనక్కి తోసింది. రెండు చేతుల వేళ్ళూ విప్పి పది చూపించింది. తర్వాత తన గుండె మీద ఒక వేలు పెట్టుకుంది. లేచి నిలబడింది.

ఎవరైనా లేచి నిలబడితే నాకు గుండె దడ. బస్సెక్కించి సాగనంపిన వాళ్ళలో మళ్ళీ మొహం చూడనివాళ్ళు నాకు చాలామంది. అందుకని ఎవరు లేచినా "మళ్ళీ ఎప్పుడు వస్తావు?" అని అడుగుతాను. రెండు నెలలకు, పురట్టాసిలో, ఆఖరిసారి ఆమెను ఆసుపత్రి లోపలికి తీసుకుపోతున్నప్పుడు కూడా అడిగాను. ఆమె తన ఎడమ పక్కకు వేలు చూపింది. నేను నిలబడిన చోటుకి. ఆ సైగకి అర్థం నాకప్పుడు తెలియలేదు.

మూడో రోజు ఆమెను ఇంటికి తెచ్చుకున్నాం. మట్టి చెయ్యడానికి.

నెల తిరక్కుండా బస్టాండు బోర్డు మారింది. తెల్ల పిల్ల పోయింది. పట్టమ్మాళ్ మొహం వచ్చింది, దండ వేసి. 'లోకాన్ని వీడిన మట్టి గొంతు. వయల్ ట్యూన్స్ నివాళి. మీ ఫోనులోకి దించుకోండి.' బతికుండగా పేరు పెట్టనివాళ్ళు చచ్చాక మొహం అమ్ముకున్నారు.

బీచి రోడ్డులో నివాళి సభ పెట్టారు. సాయంత్రం, సముద్రం వైపు వేదిక. మేము నాట్ల చీరలు మోకాళ్ళ పైకి దోపుకుని వెళ్ళి వేదిక ముందు వరసగా కూర్చున్నాం. నా కుడి పక్క ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా వదిలాం. కవిప్రియ కాలేజీ పిల్లలు వచ్చారు. పక్కనే మేట్టుపాళయం గోడౌన్లలో మూటలు మోసేవాళ్ళు వచ్చారు. తామెత్తే మూట మీద కూడా తమ పేరుండదని వాళ్ళకు తెలుసు.

పెద్ద పెద్ద స్పీకర్లలో పట్టమ్మాళ్ పాడింది. చరణం అయింది. కీబోర్డు మొదలయ్యేలోపే మేము అందుకున్నాం.

"వంగిన నడుములు మావే, పండిన మడి యెవ్వరిదే?"

ముకుందన్ మైకులో ఏదో అరిచాడు. ఎవరో స్పీకర్లు ఆపేశారు. అప్పుడు పాట చెప్పేవాళ్ళు లేకుండా పోయారు. ఎడమ పక్కదాన్ని నేనే అయినా జంకాను, లోగనాయకి చెప్పింది. పోలీసులు ఆమె రెక్క పట్టుకుని వ్యానులోకి తోస్తే, పక్కనున్నది అదే మాట దగ్గర అందుకుంది. ఆమెనూ ఎక్కించారు. ఇంకొకతె అందుకుంది. అలా తొమ్మిదిమందీ వ్యానులోకి పోయారు. నేను మిగిలాను, నా కుడి పక్క ఖాళీ చోటుతో.

ముప్పై ఒక్క ఏళ్ళు అందుకోవడమే తప్ప పాట మొదలెట్టి ఎరగను. నా గొంతు బాగుండదు. "తెల్లారకముందే తల్లో" అన్నాను. పగిలింది. మళ్ళీ అన్నాను. అందుకోవడానికి వరస లేదు, వ్యానులో ఉంది. అప్పుడు వెనక నుంచి వచ్చింది మా మాట. మగ గొంతుల్లో, పిల్లల గొంతుల్లో, బరువులు మోసిన గొంతుల్లో. నన్ను ఎత్తి వ్యానులో వేసినా అది ఆగలేదు.

స్టేషనులో మమ్మల్ని బల్ల మీద కూర్చోబెట్టారు. అక్కడా ఒక మనిషి చోటు వదిలాం.

"జరిగి కూర్చోండి" అన్నాడు కానిస్టేబులు.

"అది పట్టమ్మాళ్‌ది" అంది లోగనాయకి.

ఇన్‌స్పెక్టరు కాగితం తెచ్చి, ఇంకుప్యాడు నా ముందు పెట్టాడు. "ఏమీ లేదు పెద్దమ్మా. కంపెనీవాళ్ళు పెద్ద మనసుతో కేసు వద్దన్నారు. వేలిముద్ర వేసి ఇళ్ళకు పొండి."

కాగితం ఇంగ్లీషులో ఉంది. తొమ్మిదిమంది నా మొహం చూశారు, ఆ రోజు మడి గట్టు మీద చూసినట్టే.

"నాకు ఇంగ్లీషు రాదు సామీ" అన్నాను. అంత గట్టిగా ఆ మాట నేనెప్పుడూ అనలేదు. "చదివి చెప్పు. ఒక్కో ముక్కా. ఒప్పుకోవాలో వద్దో పదిమందిమీ చెబుతాం."

"రాత్రంతా ఇక్కడే ఉంటారా?"

"నాట్లు మాకు కొత్తా సామీ?" అంది లోగనాయకి. "వంగి ఉండడం అలవాటే. ఈ పొద్దు కూర్చోనుండాం గదా, ఇంకా హాయి."

పదిమందిమీ బొటనవేళ్ళు పిడికిళ్ళలో దాచుకున్నాం. బయట గేటు దగ్గర గోడౌను మనుషులు ఇంకా పాడుతూనే ఉన్నారు. ఇన్‌స్పెక్టరు కిటికీ వైపు చూశాడు, బల్ల మీది ఖాళీ చోటు చూశాడు. చివరికి కుర్చీ లాక్కుని కూర్చుని, కాగితం చేతిలోకి తీసుకుని, మొదటి ముక్క నుంచి చదవడం మొదలుపెట్టాడు.