ఏడో తూము

రెండు వందల ఏళ్ల నాటి ఆ కొండ పొలం కళాకారుల విడిదిగా మారాక, అక్కడ పని తెలిసినవాళ్ల కంటే సలహాలిచ్చేవాళ్లే ఎక్కువయ్యారని తోటమాలి అంటూ ఉంటుంది. ఆమె మాట అబద్ధం కాదు. పది రోజులు చెల్లెలి ఇంట్లో ఉండి, మధ్యాహ్నం జోరు వానలో తిరిగొచ్చేసరికి కుర్ర శిల్పి చేసిన ఘనకార్యం ఆమె కంటపడింది.

పై తోటను ఆపుతున్న రాతిగోడకు ఏడు తూములున్నాయి, మట్టిలో ఊరిన నీరు బయటికి పోవడానికి. శిల్పి ఆ ఏడింటినీ కాల్చిన మట్టి ముఖాలతో మూసి సిమెంటుతో బిగించాడు. ఇరవై ఏళ్ల కిందట గోడను తిరిగి కట్టినవాళ్ల ముఖాలవి. చివరిది ఆమె భర్తది. ఆయన పోయి ఆరేళ్లు. ఉన్న ఒక్క ఫొటో శిల్పికి ఆమే మురిసిపోతూ ఇచ్చింది. అతను దాన్ని ఇలా వాడతాడని కలగందా?

ఇప్పుడు గోడ మధ్యలో ఉబ్బింది. రాళ్ల సందుల్లోంచి బురద కారుతోంది. సరిగ్గా దాని కిందే, పాత పశువుల కొట్టంలో, కాలు విరిగిన నేతగత్తె మంచం మీద ఉంది.

“నేను వెళ్లి ఆమెను ఎత్తుకొస్తానక్కా!” అన్నాడు శిల్పి. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

“దారి ఈ గోడ పక్కనుంచే. ఇద్దరూ కలిసి పోతారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? తప్పుకో!”

గడ్డపార అందుకుంది. మొదటి ముఖం రెండు దెబ్బలకే పగిలి ఎర్రటి నీరు చిమ్మింది. ఒక్కొక్కటీ పగలగొడుతూ ఆరూ పూర్తి చేసింది. అయినా ఉబ్బు పెరుగుతూనే ఉంది. నీరంతా పల్లానికి దిగి ఏడో తూము వెనకే చేరింది.

శిల్పి అడ్డం నిలబడ్డాడు.

“ఇది వద్దక్కా. మీకెలా చెప్పాలో తెలీక... ఫొటో తడిసిపోయింది. ఏమీ మిగల్లేదు. ఇక ఆయన ముఖమంటే ఇదొక్కటే.”

ఎడమ కనుబొమ మీది గాటు కూడా వదలకుండా దించాడు, పాడు పిల్లాడు. ఆమెకు అతన్ని చంపేయాలన్నంత కోపం వచ్చింది. ఆ చెంపను ఒక్కసారి తడమాలని కూడా అనిపించింది. గోడ లోపలెక్కడో ఒక రాయి కటకటమంది.

“జరుగు. ఆయనే ఉంటే మొదటి దెబ్బ దీనిమీదే వేసేవాడు.”

కళ్లు మూసుకోలేదు. మూసుకుంటే గురి తప్పుతుంది. మూడో దెబ్బకు నీరు ఆమె నడుం ఎత్తున ఉరికింది. కాసేపటికి గోడ ఉబ్బు ఆగింది.

“ఏంటా చప్పుడు?” కొట్టంలోంచి నేతగత్తె కేకేసింది.

తోటమాలి బురదలో మోకాళ్ల మీద కూర్చుని ఏడో ముఖం పెంకులు వెతుకుతోంది.

“ఏం లేదమ్మా, తూము తెరిచాం. నువ్వు పడుకో.”