బిందె మీది పేరు

మార్కు షీటు, టీసీ: జిరాక్సు రెండేసి.
ఆదాయం సర్టిఫికెట్: తాసిల్దారు సంతకం.
ఇంట్లో ఇంతకుముందు డిగ్రీ చదివినవాళ్ళు లేరని సర్టిఫికెట్: అదీ తాసిల్దారే.
ఫోటోలు మూడు. చెవులు కనపడాలి.
‘నేనెందుకు చదవాలి’: ఒక పేజీ, సొంత చేతిరాతలో.
అన్నీ శుక్రవారం మధ్యాహ్నం మూడింటిలోపు విరుదునగర్ కాలేజీలో ఇవ్వాలి.

గాంధిమతి ఈ జాబితాను అగ్గిపెట్టె అట్ట వెనక రాసి, గోడకున్న మేకుకు గుచ్చింది. వాళ్ళమ్మ పంచవర్ణం కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల యూనిట్‌లో పనిచేసేది కాబట్టి ఆ ఇంట్లో కాగితం లేకపోయినా అట్టకు కరువుండేది కాదు. పని అయిన కొద్దీ గాంధిమతి ఒక్కొక్క గీత కొట్టుకుంటూ వచ్చింది. బుధవారం సాయంత్రానికి మిగిలింది చివరి వరుస ఒక్కటే.

అది 1999 జూన్. ఆ ఏడాది ఒక యూనివర్సిటీ, డిగ్రీ ముఖం చూడని ఇళ్ళ పిల్లల కోసం ముప్పై సీట్లు ప్రత్యేకంగా పెట్టి, ఫారాలు తీసుకునే పని విరుదునగర్ కాలేజీకి అప్పగించింది. మార్కులొక్కటే చూడరు. చేర్చుకున్నాక వదిలేయరు కూడా. హాస్టలు, పుస్తకాలు, మొదటి ఏడాదంతా ఇంగ్లీషుకూ లెక్కలకూ సాయంత్రం తరగతులు. గాంధిమతికి ప్లస్ టూ చెప్పిన కలైసెల్వి టీచరు ఆ ఫారం తెచ్చి చేతిలో పెట్టి, “ఇది పోతే నీకు ఇంకో దారి నాకు తెలియదు” అంది. గాంధిమతికీ తెలియదు. ఇది పోతే సోమవారం నుంచి అమ్మ పక్కన కూర్చుని పెట్టెలు అతికించాలి. యూనిట్‌లో చోటు కూడా చెప్పి ఉంచారు.

బుధవారం సాయంత్రం టీచరు కాగితాలన్నీ వరసగా పెట్టి చూసింది. చూసి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ చూసింది.

“నీకు ఎన్ని ఇనిషియళ్ళమ్మా?”

మార్కు షీటులో, టీసీలో ఆర్. గాంధిమతి. తాసిల్దారు ఇచ్చిన రెండు సర్టిఫికెట్లలో ఎం. గాంధిమతి. తమిళనాడులో పేరు ముందు అక్షరం నాయన పేరుది. నాయన మునియసామి కాబట్టి ఊరి కరణంలాంటి వీఏవో ఏమీ అడక్కుండా ఎం అని రాసి పంపాడు. మరి ఈ ఆర్ ఎక్కడిది?

ఇంటికి పోయి అడిగితే అవ్వ సీనియమ్మాళ్ మిరపకాయల తొడిమలు తీస్తూ తల ఎత్తకుండానే చెప్పింది.

“నేనే చెప్తిని. బళ్ళో చేర్చేదానికి నేనే గదా నిన్ను ఎత్తుకొని పోయింది. ఆ వాత్తియారు, నాయన పేరు చెప్పు అనె. నేనెట్లే చెప్పేది? రేగటోళ్ళ పిల్ల, రాసుకో సామీ అంటిని. రాసుకొనె.”

సంగతి గాంధిమతికి తెలియనిది కాదు, ఎప్పుడూ ఇలా అడ్డం రాలేదంతే. ఆమె నాయనకు వాళ్ళ తాత పేరు పెట్టారు. ఆ తాత సీనియమ్మాళ్‌కు మామగారు. మామగారి పేరు కోడలు పలకకూడదు. అందుకని సీనియమ్మాళ్ కన్నకొడుకును కూడా పుట్టినప్పటి నుంచి ‘పెద్దోడా’ అనే పిలిచింది. గాంధిమతికి నాలుగేళ్ళప్పుడు అతను జ్వరంతో పోయాడు. ఏడ్చేటప్పుడు కూడా ‘పెద్దోడా’ అనే ఏడ్చింది.

“నువ్వయినా పోయుండచ్చు కదమ్మా,” అంది గాంధిమతి తల్లితో.

“నేను పోతే మటుకు? మొగుని పేరు చెప్తానా?” అంది పంచవర్ణం. “మీ అవ్వ ఇంటిపేరన్నా చెప్పె. నేనయితే ఊరకే నిలబడి వచ్చేసుందును.”

గురువారం పొద్దున్నే టౌను బస్సెక్కి అవ్వా మనవరాలూ కోవిల్‌పట్టి తాలూకా ఆఫీసుకు పోయారు. గుమాస్తా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, “వీళ్ళు ఇద్దరు అమ్మాయిలు,” అని తేల్చేశాడు. “ఇనిషియల్ మార్చాలంటే గెజిట్‌లో వేయించుకో. మూడు నెలలు పడుతుంది.”

“రేపు మూడు గంటలకు ఇవ్వాలి సార్.”

“అయితే నిన్ననే రావాల్సింది.”

బయటికొచ్చి మెట్ల మీద కూర్చోగానే సీనియమ్మాళ్ గొంతు లేచింది. “మూడు నెలలా! వాని నోట్లో మన్ను పొయ్య. నాలుగెకరాలు రాసియ్యమని అడిగితిమా? ఒక్క అచ్చరం! నా బిడ్డ పిల్ల వేరే ఎవుతో అంటాడే!”

“అవ్వా, మెల్లగా. అరవంలో మాట్లాడు, అందరూ చూస్తుండారు,” అంది గాంధిమతి. గడప దాటితే తమిళమే మాట్లాడాలని, ఇంటి మాట ఇంట్లోనే ఉండాలని ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

“చూడనీ. వాళ్ళకేం తెలుస్తాది నేనేం తిడితినో!”

“నాకు తెలుస్తాదమ్మా,” అని పక్క నుంచి మాట వచ్చింది.

గోడవార రేకు నీడలో టైపు మిషను పెట్టుకుని కూర్చున్న ముసలాయన నవ్వుతున్నాడు. అర్జీలు టైపు చేసే దామోదరసామి. అరుప్పుకోట్టైలో తెలుగు మాట్లాడే మగ్గాల ఇళ్ళలో పుట్టినవాడు. మగ్గం ముందు కూర్చోక, టైపు నేర్చుకుని, ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్ళు. “మా అమ్మ మాదిరే తిడతా ఉండావు. ఏమయిందో చెప్పు తల్లీ, విందాం.”

అవ్వ చెప్పింది. గాంధిమతి కాగితాలు చూపించింది. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా ‘ఎందుకు చెప్పలేదు’ అని అడగలేదు. అంతా విని తల ఊపి, మిషనులోకి తెల్ల కాగితం తిప్పాడు.

“ఇనిషియల్ మార్చమని అడిగితే మూడు నెలలు. మార్చొద్దు. ఆర్ అన్నా ఎం అన్నా పిల్ల ఒకతే అని సర్టిఫికెట్ అడుగుదాం. అది తాసిల్దారు నేడే ఇయ్యచ్చు. ఆయనకి నమ్మకం కుదరాల, అంతే. మీ ఇంటిపేరు రాసుండే కాయితం ఏమన్నా ఉండాదా? పత్రిక, పట్టా?”

ఏ కాగితంలోనూ లేదు. పెళ్ళి పత్రికలు తమిళంలో, నాయన పేర్లతోనే వేయించేవాళ్ళు. సీనియమ్మాళ్ కాసేపు ఆలోచించి, కొంగు దోపుకుని లేచింది.

“అయ్యా, తాసిల్దారు ఎంత సేపుంటాడు?”

“సాయంత్రం అయిదు దాకా.”

“పిల్లా, నువ్వు ఈడే ఉండు,” అని బస్‌స్టాండు దారి పట్టింది.

ఆమె తిరిగి వచ్చేసరికి మూడు దాటింది. చంకలో ఇత్తడి బిందె. బస్సులో కండక్టరు ‘నీళ్ళకు ఇంత దూరమా అవ్వా?’ అని ఎగతాళి చేశాడట. ‘అవునప్పా, మీ తాసిల్దారు దాహంగా ఉండాడు’ అందట ఈమె.

దామోదరసామి బిందెను ఎండలోకి తిప్పి మెడ దగ్గర చూశాడు. పాత్రల అంగట్లో ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిన తమిళ అక్షరాలు: ‘రేగటి మునియసామి’. కొడుక్కి చెవులు కుట్టినప్పుడు సీనియమ్మాళ్ అన్న తెచ్చి పెట్టిన బిందె అది. ఆయన అర్జీలో ఇంకో వరుస టైపు చేసి, మిషను మీద గుడ్డ కప్పి, వాళ్ళతోపాటు లోపలికి నడిచాడు. ఆయన అలా గిరాకీ వదిలి లోపలికి రావడం గుమాస్తా ఎప్పుడూ చూడలేదేమో, అడ్డుకోలేదు.

తాసిల్దారు అర్జీ చదివాడు. బల్ల మీద ఫైళ్ళ మధ్య దిగిన బిందెను చూశాడు.

“సరే. అమ్మా, నీ కొడుకు పేరు నువ్వే చెప్పు, వింటాను.”

సీనియమ్మాళ్ పెదవులు కదిలాయి. గాంధిమతి ఆమె చెయ్యి పట్టుకుంది. అర్ధ శతాబ్దం నోట కట్టేసుకున్న పేరును మనవరాలి కోసం అవ్వ ఇప్పుడు అనేస్తుందనిపించింది. అనకుండా ఉంటే బాగుండుననీ అనిపించింది.

“ఆమెను అననియ్యకండి సార్,” అన్నాడు దామోదరసామి తమిళంలో, చేతులు కట్టుకుని. “ఆమె అనలేకపోవడమే ఈ ఆర్‌కు సాక్ష్యం. అనగలిగి ఉంటే ఆనాడే బళ్ళో ఎం అని పడేది. మా అమ్మ కూడా పోయేదాకా మా పెద్దన్న పేరు అనలేదు.”

సీనియమ్మాళ్ ముందుకు వంగి బిందె మీది అక్షరాల మీద వేలు పెట్టింది. చదువు రాని వేలు, అయినా సరిగ్గా రెండో మాట మీదే ఆగింది. తాసిల్దారు మెడ వంచి, వేలి వెంట చూస్తూ పైకి చదివాడు.

“మునియసామి.”

“ఆ, అదే నా పెద్దోని పేరు,” అంది సీనియమ్మాళ్, కొంగు సర్దుకుని.

తాసిల్దారుకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే సంతకం పెట్టాడు.

మరునాడు పన్నెండు గంటలకు గాంధిమతి విరుదునగర్ కాలేజీలో వరుసలో నిలబడి కాగితాలు ఇచ్చింది. బల్ల వెనక ఉన్నాయన రెండు ఇనిషియళ్ళ దగ్గర ఆగి, కింద పిన్ను చేసిన సర్టిఫికెట్ చదివి, ఒక టిక్కు కొట్టి పక్కన పెట్టాడు. రెండు రోజులు తిండి సయించకుండా చేసిన విషయం ఒక్క టిక్కుతో అయిపోయింది.

ముప్పై మందిలో ఆమెకు సీటొచ్చింది. మొదటి ఏడాది ఇంగ్లీషు తరగతిలో ఎన్నిసార్లు తడబడినా, ఆ సాయంత్రం పాఠాలు చెప్పినవాళ్ళు ఆమెను మళ్ళీ మళ్ళీ నిలబెట్టారు. వాళ్ళందరికీ ఆమె రుణపడే ఉంది. డిగ్రీ పట్టా మీద ఆర్. గాంధిమతి అని వచ్చింది. అవ్వకు చూపిస్తే, తాను చెప్పిన అక్షరమే కాబట్టి, అందులో సగం తనదే అంది.

మొదటి సెలవులకు వచ్చినప్పుడు గాంధిమతి వేరుశెనగ మిఠాయి పట్టుకుని తాలూకా ఆఫీసుకు పోయింది. దామోదరసామి ఒక ముక్క నోట్లో వేసుకుని, “ఇంగ్లీషులో ఏమన్నా చెప్పు, విందాం,” అన్నాడు. ఆమె సిగ్గుపడుతూనే రెండు మాటలు చెప్పింది. “బాగుండాది. ఇంట్లో మటుకు మన మాటే మాట్లాడు,” అన్నాడు.

2006లో ఆమె ఉద్యోగం కాగితాల కోసం మళ్ళీ అక్కడికి పోయినప్పుడు రేకు నీడలో కంప్యూటర్ సెంటరు ఉంది. ఆయన పోయి రెండేళ్ళయిందన్నారు. సెంటరులోని పిల్లలకు ఆయన పేరు తెలియదు. టైపు తాత అంటే ఒకళ్ళిద్దరు తల ఊపారు.

గాంధిమతి దగ్గర ఆ అర్జీ నకలు ఇప్పటికీ ఉంది. అందులో ఆమె పేరు రెండు రకాలుగా ఉంది, నాయన పేరుంది, అవ్వ వేలిముద్ర ఉంది, తాసిల్దారు సంతకం ఉంది. టైపు చేసినవాడి పేరు మాత్రం లేదు. అర్జీల్లో అది ఉండదు.

కొన్ని పేర్లు కొందరు పలకకూడదు. ఆయన పేరుకు అలాంటి అడ్డేమీ లేదు. ఇది చదివినవాళ్ళు, ఈసారి ఏదైనా ఫారంలో మీ ఇనిషియల్ రాసేటప్పుడు, ఒక్కసారి పైకి అనండి: దామోదరసామి.