కావిడి మోసినవాళ్లదే మాట

మా సర్పంచ్ యలమందయ్యగారికి మైకు దొరికితే మైకం. ఆ ఏడాది పంచాయతీ ఆఫీసు ముందు గ్రామసభ పెట్టి, "ప్రజలే ప్రభువులు!" అని గర్జించేసరికి ఎదురుగా ఉన్న ప్రభువులు ఇద్దరే. ఒకడు మైకు సెట్టు మాబు, రెండోవాడు వార్డు మెంబరు ఆదెయ్య. కోరం కావాలంటే జనం కోరి రావాలి. మిరప కోతల్లో జనం కోస్తారు గానీ కోరతారా?

తేలాల్సింది ఒక్కటే. సమితి నుంచి ఊరికి ఒక్క బోరింగు మంజూరైంది. అది తన ఇంటి ముందే పడాలని ఆదెయ్య పట్టు. చర్చి వీధిలో వేయమని అక్కడి కూలీ ఆడవాళ్ల గోడు. పాపం, వాళ్లు దూరాన చెరువు నుంచి కావిళ్లతో నీళ్లు మోసుకొస్తున్నారు. సభ తీర్మానం లేనిదే గొట్టం భూమిలో దిగదు.

"సభకు జనం రాకపోతే తప్పు జనానిదా? జనం దగ్గరికి పోని సభది!" అన్నాడు యలమందయ్య. "పద బావా, నీ చేలోనే సభ."

ఆదెయ్య మురిసిపోయాడు. తన చేను, తన కూలీలు. తన మీద చెయ్యెత్తేదెవరు?

చేలో ముఠా మేస్త్రి పుల్లమ్మ అడ్డం నిలబడింది. "సర్పంచ్‌గారూ, కోతలప్పుడు చేలోకొచ్చినోళ్లు సాలు పట్టాల్సిందేనండీ. మీరు ఊరికే నిలబడి మాట్లాడితే మా చేతులాగిపోతాయి."

"చేతులాడితేనే ప్రజాస్వామ్యం!" ఆయన పంచె ఎగ్గట్టి సాలు పట్టాడు. కాయలూ కోశాడు, కోతలూ కోశాడు.

"ఓటేసి ఐదేళ్లు ముసుగు తన్నడం కాదమ్మా ప్రజాస్వామ్యమంటే! విత్తనం వేసి చేను మొహం చూడకపోతే పంటెవరిది? కలుపుది! అసలు మీ కష్టాలు తలుచుకుంటే..." అని అలవాటు ప్రకారం కళ్లు తుడుచుకున్నాడు.

ముప్పై ఏళ్లు మిరప రైతుగా ఎన్నడూ చెయ్యని తప్పు, మూడేళ్ల సర్పంచ్‌గా చేశాడు.

"అమ్మో! మంట! నీళ్లు!"

ముఠాలోని చర్చి వీధి రెబ్కా పరిగెత్తుకొచ్చి కుండ కుమ్మరించింది. చాల్లేదు. రెండో కుండా అయింది. ఆయన కళ్లు తెరిచేసరికి ముఠా తాగే నీళ్లన్నీ ఆయన పంచెలో ఉన్నాయి.

"మా కోసం కన్నీళ్లు పెట్టారు, సంతోషం. మా మంచినీళ్లు పోయాయి కదండీ," అంది పుల్లమ్మ. "కుండ ఖాళీ చేసినోళ్లే నింపాలి. ఇది ముఠా కట్టుబాటు."

"ఏమే, సర్పంచ్ చేత నీళ్లు మోయిస్తావా?" ఆదెయ్య గయ్యిమన్నాడు.

"ఊరుకో బావా. ఊరి పెద్దకి ఊరి కట్టుబాటు లేదా?" అని యలమందయ్య కావిడి భుజానికెత్తుకున్నాడు.

చెరువుదాకా పోయి వచ్చేసరికి భుజం కందింది. సగం నీళ్లు దారి తాగేసింది. కుండలు సగమే నిండినా బుర్ర మాత్రం నిండింది.

"సభ మొదలు!" అన్నాడు. "చెయ్యెత్తే హక్కు అందరిదీ. బోరింగు గురించి మాట్లాడే హక్కు మాత్రం కావిడి మోసినవాళ్లదే. నేను మోశాను గనక చెబుతున్నా. చర్చి వీధిలో పడాలి."

"మరి నేను మాట్లాడొద్దా?"

"ఎందుకు మాట్లాడొద్దు బావా? అదిగో కావిడి."

ముఠా అంతా ఘొల్లున నవ్వింది. ఆదెయ్య పౌరుషం గల మనిషి. విసురుగా కావిడి ఎత్తి వెళ్లాడు. అతను వచ్చేదాకా ఎవరూ చెయ్యెత్తడానికి వీల్లేదన్నాడు సర్పంచ్. ఎదుటివాడు లేనప్పుడు గెలిస్తే అది గెలుపు కాదట, గోడ దూకడమట.

ఆదెయ్య వచ్చాడు. కుండలు దించి గట్టు మీద కూలబడ్డాడు.

"మాట్లాడు బావా, నీ వంతు."

ఆదెయ్య నోరు తెరిచాడు. ఊపిరొచ్చింది గానీ ఉపన్యాసం రాలేదు.

"సరే, చర్చి వీధికి చేతులెత్తండమ్మా!"

సాళ్ల పొడుగునా చేతులు లేచాయి. గట్టు మీద నుంచి ఇంకొకటి కూడా లేచింది.

"బావా, నువ్వెత్తింది ఓటుకా, నీళ్లకా?"

"ముందు నీళ్లియ్యండి," అన్నాడు ఆదెయ్య చెయ్యి దించకుండానే. "లెక్క తర్వాత పెట్టుకోండి."